కత్తెర పడని తోక

ఆ శుక్రవారం పొద్దున రోనా డతీ ఒంటిమీది కోటైనా తియ్యకుండా కంప్యూటర్ ముందు కూర్చుంది. పక్కన టీ చల్లారి తొరక కట్టింది. టీ వేడిగా ఉన్నా, చల్లారినా ఆమెకు ఈ మధ్య తేడా తెలియడం లేదు. మార్చిలో తండ్రి వాటీ పోయిన దగ్గర్నుంచీ అంతే. పంటి డాక్టరు సూది వేశాక పెదవి మొద్దుబారినట్టు మనిషంతా మొద్దుబారిపోయింది. తింటోంది, పడుకుంటోంది, బస్సెక్కి ల్యాబ్‌కు వస్తోంది. ఏడుపు మాత్రం రాలేదు. శవపేటిక గోతిలోకి దిగుతున్నప్పుడు కూడా రాలేదు.

ఆమె చూస్తున్నది ఒక ప్రోటీన్ బొమ్మ. మనిషి ఒంట్లో పాతబడ్డ, చెడిపోయిన ప్రోటీన్లను ఏరిపారేసే పని రాత్రింబగళ్లు నడుస్తూనే ఉంటుంది. పారేయాల్సినదాని మీద యుబిక్విటిన్ అనే చిన్న ముద్ర పడుతుంది. ముద్ర పడ్డదాన్ని కణం ముక్కలు ముక్కలు చేసేస్తుంది. ఆ ముద్ర వేసే ప్రోటీన్లను లైగేజ్‌లంటారు. అలాంటి ఒక లైగేజ్‌లో చివరి భాగం, అసలు పనంతా చేసే డొమైన్, రోనా చేతిలో ఉన్నది. రెండు ముద్దలు. కింద పెద్దది, పైన చిన్నది, మధ్యలో అటూ ఇటూ తిరిగే సన్నటి మెడ. చిన్న ముద్దలో ఒకే ఒక్క సిస్టీన్ ఉంటుంది. ముద్రను ముందు తన ఒంటికి అంటించుకుని, మెడ తిప్పి, ఆ తర్వాత ఎదుటిదానికి అంటించేది అదే. అది లేకపోతే మిగతా మూడొందల డెబ్భై అమినో ఆమ్లాలూ ఉండి దండగ.

పెద్ద ముద్దకు పక్కన ఒక గాడి ఉంది. వేసవిలో ఆ గాడిలో ఏదో కూర్చుని కనిపించింది. సన్నగా, దారంలా. ఇంకేం, ల్యాబంతా పండగే. లైగేజ్ తన వేటను, అంటే ముద్ర వెయ్యాల్సిన ప్రోటీన్‌ను, పట్టుకుని ఉండగా మనం దాన్ని పట్టుకున్నాం అని ప్రొఫెసర్ ఎల్స్‌పెత్ ఓగిల్వీ కనిపించిన ప్రతివాళ్లకూ చెప్పింది. ఎలా పట్టుకుంటుందో అంతవరకు ఎవరికీ తెలియదు. ల్యాబున్న డండీలోనే కాదు, ఎక్కడా తెలియదు. పేపర్ రాయడం అయిపోయింది. సోమవారం సైన్స్ పత్రికకు పంపాలి. ఆ పేపర్ చూపించి, డిసెంబర్‌తో అయిపోయే రోనా కాంట్రాక్టును ఇంకో ఏడాది పొడిగించమని అడగాలి.

ఇవన్నీ పైపై సంగతులు. రోనా లోపల ఉన్నది ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాల సంగతి ఇక్కడే చెప్పెయ్యాలి, దాచుకోవడానికి ఇది డిటెక్టివ్ కథేం కాదు.

ఇలాంటి ప్రోటీన్‌ను బ్యాక్టీరియాలో పెంచుతారు. పెంచేటప్పుడు దానికి ఒక తోక తగిలిస్తారు. వరసగా ఆరు హిస్టిడిన్‌లు, అంటే ఐదు మూలల ఉంగరం ఉండే అమినో ఆమ్లాలు. ఆ తోక నికెల్ పూసలకు అతుక్కుంటుంది కాబట్టి, వేల ప్రోటీన్ల గుంపులోంచి మనకు కావాల్సినదాన్ని తోక పట్టుకుని బయటకు లాగొచ్చు. లాగాక తోకతో పని లేదు. అక్కడ ఒక ఎంజైమ్ వేసి, రాత్రంతా కోల్డ్ రూమ్‌లో ఉంచితే తోక తెగిపోతుంది. ల్యాబ్‌లో దాన్ని అందరూ కత్తెర అంటారు. కత్తెర కొలిచి, కలిపి, గొట్టపు సంచిలో పోసి, మూతి కట్టి తొట్టిలో వేలాడదీయడానికి ఇరవై నిమిషాలు పడుతుంది.

మార్చి పద్నాలుగున రోనా ఆ పనికి కూర్చోబోతుండగా ఫోనొచ్చింది. మూడూ ఇరవై. నదికి అవతల, కిర్కాల్డీ ఆసుపత్రి నుంచి చెల్లెలు కిర్‌స్టీ. "నాన్న ఇంక ఆగేట్టు లేడు. వచ్చెయ్." రోనా ఆసుపత్రి తలుపు తోసేసరికి నాలుగూ నలభై. వాటీ నాలుగున్నరకే పోయాడు. ముప్ఫై ఏళ్లు నేలకు పరిచే లినోలియం ఫ్యాక్టరీలో పనిచేసిన మనిషి. చేతులు ఇంకా వెచ్చగానే ఉన్నాయి.

సమాధి అయ్యాక హోటల్లో అందరికీ స్టేక్ పై అనే మాంసం రొట్టె, టీ పెట్టారు. కిర్‌స్టీ పళ్లెం పట్టుకుని వచ్చి ఎదురుగా కూర్చుంది.

"ముప్పావుగంట దారే కదే! అంతసేపు ఏం చేశావ్?"

"కత్తెర వేసి బయల్దేరాను."

"ఏం కత్తెర?"

"ఎంజైమ్. వెయ్యకపోతే ప్రోటీన్ పనికిరాదు. ఇరవై నిమిషాల పని."

కిర్‌స్టీ పళ్లెం కింద పెట్టేసింది. "నీ కోసం అడిగాడే. రెండుసార్లు అడిగాడు. ఇరవై నిమిషాలు నీ దిక్కుమాలిన ప్రోటీన్‌కిచ్చి వచ్చావా?"

రోనా అవునంది. నిజంగానే ఆమెకు కళ్ల ముందు కనిపించింది: కోల్డ్ రూమ్, చేతికి నీలం గ్లవ్స్, గొట్టపు సంచి, ముడి. ఎన్ని వందలసార్లు చేసిన పనో అది. చెయ్యకుండా వెళ్లిపోయేదాన్ని కాదు అని తన గురించి తనే అనుకుంది. వంతెన మీద టాక్సీలో, ఒక రొట్టెల వ్యాను వెనక ఉన్నట్టు గుర్తు. అంతకుమించి ఆ మధ్యాహ్నం ఏమీ మిగల్లేదు. అప్పటినుంచీ చెల్లెలు ఆదివారం ఆదివారం ఫోన్ చేస్తుంది. ఇల్లు ఖాళీ చెయ్యడం గురించి, ఇల్లు అద్దెకిచ్చిన కౌన్సిల్ ఉత్తరాల గురించి మాట్లాడి పెట్టేస్తుంది. ఇద్దరి మధ్యా ఆ ఇరవై నిమిషాలు అలాగే ఉండిపోయాయి. రోనా తనను క్షమించుకోవాలని కూడా అనుకోలేదు. అనుకోవడానికి లోపల ఏదైనా కదలాలి కదా.

ఇక శుక్రవారం సంగతి. వేసవిలో తీసిన డేటా ముతకది. దారం ఉందని తెలుస్తుంది గానీ దారానికి ఏ పూసలున్నాయో తెలియదు. అందుకని మొన్న ల్యాబ్‌లోని డుగల్ కొత్త స్ఫటికాలు పెంచాడు; ప్రోటీన్‌ను స్ఫటికం చేసి ఎక్స్-రే వేస్తేనే దాని ఆకారం తెలుస్తుంది. అదే మార్చి ప్రోటీన్, అప్పట్లో గడ్డకట్టించి దాచిన ట్యూబుల్లోదే. వాటిని ద్రవ నైట్రోజన్‌లో ముంచి దక్షిణాన ఎక్స్-రే యంత్రం ఉన్నచోటికి పంపారు. రాత్రి డేటా వచ్చింది. ఎప్పుడూ రానంత సన్నటి డేటా.

తెర మీద ప్రోటీన్ చుట్టూ నీలిరంగు వల ఉంటుంది. అణువులు ఎక్కడున్నాయో ఆ వల చెబుతుంది. రోనా గాడి దగ్గరకు వెళ్లి పెద్దది చేసింది. దారానికి పక్కన ఒక చిన్న ఉంగరం. ఐదు మూలలది. దాని పక్కన ఇంకొకటి. దాని పక్కన ఇంకొకటి.

ఆరు.

వరసగా ఆరు హిస్టిడిన్‌లు దేవుడు పెట్టడు. ల్యాబ్ వాళ్లు పెడతారు. ఈ వృత్తిలో ఉన్న ఎవరికి చూపించినా ఒక్క క్షణంలో చెబుతారు. గాడిలో కూర్చున్నది వేట కాదు. స్ఫటికంలో అణువులన్నీ ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. పక్క అణువు తోక వచ్చి ఈ అణువు గాడిలో పడుకుంది. నాలుగు నెలలుగా వీళ్లు మురిసిపోయింది తాము తగిలించిన తోకను చూసే.

రోనా ఇంకొంచెం పైకి జరిగింది. కత్తెర పడాల్సిన చోటు వచ్చింది. గ్లుటమిన్, దాని తర్వాత గ్లైసిన్. వాటి మధ్య నీలం వల ఎక్కడా తెగకుండా నిండుగా ఉంది. కాసేపు దాన్నే చూసింది. పేపర్ పోయింది అనుకుంది. ఊరికే అనుకుంది, బాధేమీ కలగలేదు. లేచి కోటు తీసి కుర్చీకి తగిలించి డుగల్‌ను వెతుక్కుంటూ వెళ్లింది.

డుగల్ మక్రే ఆ ల్యాబ్‌లో ఇరవై ఆరేళ్లుగా టెక్నీషియన్. కొత్త స్ట్రక్చర్ తేలినప్పుడల్లా గుడ్డలో కట్టి ఉడికించిన తీపి డంప్లింగ్ తేవడం అతని వంతు. ఆరోజు ఇంటి నుంచి పెద్దది మోసుకొచ్చాడు. వంటగదిలో గుడ్డ విప్పుతున్నాడు.

"రా తల్లీ, రా. మొదటి ముక్క నీదే. ఎండుద్రాక్ష దండిగా వేశాను, మా ఆవిడ ఒకటే గొణుగుడు."

"డుగల్, తోక ఉంది."

"దేనికి?"

"మన ప్రోటీన్‌కి. గాడిలో ఉన్నది తోకే. ఆరు ఉంగరాలూ లెక్కపెట్టాను."

డుగల్ చేతిలో గుడ్డ అలాగే ఉండిపోయింది. "పొద్దున్నే ఏంటమ్మా ఈ హాస్యం?"

"హాస్యం కాదు. తెగలేదు."

"తెగకపోవడమేంటి? నీ నోట్‌బుక్ చూసే కదా నేను తీసుకున్నాను! కత్తెర, రాత్రంతా, కోల్డ్ రూమ్ అని రాసుంది. పక్కన టిక్కు కూడా ఉంది."

"టిక్కు పొద్దునే పెట్టేశాను. ఎప్పుడూ అంతే పెడతాను."

అది తప్పని అందరికీ తెలుసు. అందరూ చేసేదీ అదే. గ్లవ్స్ తొడుక్కున్నాక మళ్లీ పెన్ను పట్టుకోవడం బద్ధకం, అందుకని ఆరోజు పనులన్నీ పొద్దునే రాసేసి టిక్కులు పెట్టేస్తారు. చేసెయ్యబోతున్నాం కదా, ఆమాత్రానికేం అనుకుంటారు. ఎవరికైనా ఫోను వస్తుందని ఎవరనుకుంటారు?

డుగల్ స్టూలు మీద కూలబడ్డాడు. "అయితే నా తప్పు కూడా ఉంది. నువ్వు మీ నాన్న దగ్గరకు వెళ్లావు. ఎంతకాలం రావో తెలీదు. పాడైపోతుందేమోనని నేనే తీసి, శుద్ధి చేసి, గడ్డకట్టించేశాను. తోక మిగిలిందేమోనని మళ్లీ నికెల్ పూసల మీద వేసి చూడాలి. చూడలేదు. చూసుంటే ఆరోజే తెలిసేది. జెల్ మీద సైజు చూద్దామన్నా ఆ కాస్త తోకకు తేడా ఏం కనిపిస్తుంది! టిక్కు చూశాను, నమ్మేశాను." గుడ్డ మడిచి జేబులో పెట్టుకుంటూ, "నిన్ను నమ్మకపోతే ఇంకెవర్ని నమ్ముతాను?" అన్నాడు.

"తూకం వేయించు. ఒక ట్యూబు అట్టడుగు అంతస్తుకు తీసుకెళ్లు. వాళ్ల యంత్రం మీద తేలిపోతుంది."

"కొంచెం డంప్లింగ్ అయినా తిను."

ఆమె ఒక ముక్క తిని ఎల్స్‌పెత్ గదికి వెళ్లింది. నోట్లో తీపి ఉందో లేదో గమనించలేదు.

ఎల్స్‌పెత్ అరవై రెండేళ్ల మనిషి, అల్లిక సూదులు టేబుల్ మీదే పెట్టుకుంటుంది. కోపమొస్తే అల్లుతుంది. రోనా చెప్పిందంతా విని, తెర మీద ఉంగరాలు తనూ లెక్కపెట్టి, సూదులు అందుకుంది.

"అంటే నాలుగు నెలలుగా మనం లోకమంతా తిరిగి ముద్దు చేసింది మన తోకనేనా?"

"అవునండీ."

"కోపెన్‌హాగన్‌లో నూటయాభై మందికి చూపించాను ఆ తోకని! లేచి నిలబడి చప్పట్లు కొట్టారు." రెండు వరసలు అల్లింది. "ఇంకెవరికి తెలుసు?"

"డుగల్‌కి."

ఎల్స్‌పెత్ కిటికీ వైపు చూసింది. ఆ చూపులో ఏముందో రోనాకు తెలుసు. సోమవారం పంపేస్తే పత్రికవాళ్లు కనిపెట్టేవారా? పాత ముతక డేటానే పంపితే? ఇంత సన్నటి డేటా ఇంకెవరి దగ్గరా లేదు. ఆ చూపు ఎంతోసేపు లేదు, అదీ చెప్పాలి.

"పంపట్లేదు," అంది ఎల్స్‌పెత్. "సరే. ముద్దలు రెండూ నిజమే కదా? మెడ, సిస్టీన్?"

"అవన్నీ బాగానే ఉన్నాయి. ఇంతకుముందు కంటే బాగా కనిపిస్తున్నాయి. గాడిలోదే అబద్ధం."

"ఆ గాడి కోసమే కదమ్మా నీ కాంట్రాక్టు పొడిగిస్తారనుకున్నది. ఇప్పుడు ఏం మొహం పెట్టుకుని అడగను?" సూదులు పక్కన పడేసింది. "ఏదో ఒకటి అను పిల్లా. తిట్టు. ఏడ్చెయ్. నేను నీ వయసులో అయితే ఈ గది కప్పు ఎగిరిపోయేది!"

 రోనాకు పేపర్ పోయిందని తెలుసు, ఉద్యోగం పోతుందని తెలుసు. తెలియడం వేరు, తగలడం వేరు. "మళ్లీ తోక కోసి కొత్తగా పెంచుతాను. డిసెంబర్ దాకా టైముంది కదండీ," అని బయటకు వచ్చేసింది.

మెట్ల దగ్గర డుగల్ ఎదురయ్యాడు. చేతిలో ఒక కాగితం. మూడంతస్తులు ఎక్కి రొప్పుతున్నాడు.

"చూశారు. తోక బరువు ఎంతో సరిగ్గా అంత ఎక్కువుంది. ఒకటే గీత, రెండోదే లేదు." కాగితం ఆమె ముందు పెట్టి వేలితో చూపించాడు. "నేనేమనుకున్నానంటే, కత్తెర తక్కువ పడిందేమో, పాతబడిందేమో, సగమో పావో తెగుంటుందిలే, మంచివీ చెడ్డవీ కలిసిపోయాయేమో అనుకున్నాను. అదేం కాదు. వెయ్యింటికి ఒక్కటి కూడా తెగలేదు. పది నిమిషాలున్నా ఎన్నో కొన్ని తెగేవి కదా! కత్తెర దాన్ని తాకనే లేదు. అసలు వెయ్యనేలేదు తల్లీ నువ్వు."

రోనా మెట్టు మీద కూర్చుంది.

"మళ్లీ చెప్పు," అంది.

డుగల్ కంగారుపడ్డాడు. "నిన్నేదో అందామని కాదమ్మా. ఎవరికైనా—"

"కాదు. ఆ చివరి మాట. మళ్లీ చెప్పు."

"నువ్వు కత్తెర వెయ్యలేదు," అన్నాడు డుగల్ నెమ్మదిగా. "ఆ ఫోనొచ్చినరోజు. సంచి ఎక్కడిదక్కడ వదిలేసి వెళ్లిపోయుంటావు. ఇప్పుడు గుర్తొస్తోంది, ఆ తర్వాతి సోమవారం నేను కోల్డ్ రూమ్‌లోకి వెళ్తే నీ గ్లవ్స్ నేల మీద ఉన్నాయి. ఒకటి తలుపు దగ్గర, ఒకటి లోపల. రోనా ఏంటి, గ్లవ్స్ నేల మీద పడెయ్యడమేంటి అనుకుని తీసి పారేశాను."

 డుగల్ ఏం చెయ్యాలో తోచక ఆమె పక్కనే, ఒక మెట్టు కింద కూర్చున్నాడు. అతని మోకాళ్లు పటపటమన్నాయి. కాసేపటికి ఆమె జేబులోంచి ఫోన్ తీసింది. అది వేళ్లకు చల్లగా తగిలింది. చల్లగా ఉందని తెలిసింది కూడా. ఏడు నెలల్లో తన చేతులు తనవని తెలియడం అదే మొదలు.

కిర్‌స్టీ ఒక ప్రైమరీ స్కూల్ వంటశాలలో పని చేస్తుంది. పళ్లేల చప్పుడు మధ్యలో ఫోన్ ఎత్తింది.

"ఏంటే, శుక్రవారం చేశావ్? ఎవరికేమైంది?"

"ఎవరికీ ఏమీ కాలేదు. కిర్‌స్టీ, నేను కత్తెర వెయ్యలేదు."

"ఏం వెయ్యలేదూ?"

"ఆ రోజు. నాన్న రోజు. కత్తెర వేసి వచ్చానన్నాను కదా నీకు. వెయ్యలేదు. ఇప్పుడే తెలిసింది."

"ఇప్పుడే తెలియడమేంటి? నువ్వేగా వేశానన్నావ్! నోటితోనే అన్నావ్, హోటల్లో తింటూ!"

"అన్నాను. వేశాననే అనుకున్నాను. ప్రోటీన్‌కి తోక అలాగే ఉందే. తూకం వేశారు. నా చేతి గ్లవ్స్ నేల మీద పడున్నాయట. నువ్వు ఫోన్ పెట్టెయ్యగానే వెళ్లిపోయాను. పని ఎక్కడిదక్కడ వదిలేసి."

అవతల పళ్లేల చప్పుడు దూరమైంది. కిర్‌స్టీ ఎక్కడికో, బహుశా పెరటి తలుపు దగ్గరకు నడిచినట్టుంది.

"అయితే నాలుగూ నలభై ఎందుకయింది?"

"గాలి. వంతెన మీద బళ్లను నెమ్మదిగా వదిలారు. నా టాక్సీ ముందు రొట్టెల వ్యాను. దాని వెనక తలుపు మీద గోధుమ కంకి బొమ్మ. ఎంతసేపు చూశానో దాన్ని. అరగంట చూశానేమో."

"రొట్టెల వ్యానా?"

"అవును."

 ఫోన్ కట్టయిందేమో అనుకుని రోనా తెర వంక చూసింది. కట్ కాలేదు.

"ఒకటి చెప్పనా?" అంది కిర్‌స్టీ చివరికి.  "నాన్న మూడున్నరకి అడిగాడే. రోనా ఏదీ అన్నాడు. దారిలో ఉంది నాన్నా, వచ్చేస్తోంది అన్నాను. సరే అన్నాడు. సరే అని కళ్లు మూసుకున్నాడు. మళ్లీ నాలుగింటికి అడిగితే మళ్లీ అదే చెప్పాను. ఆ తర్వాత నువ్వు హోటల్లో తింటూ కత్తెర అన్నావ్. చచ్చిపోయే మనిషికి నాతో అబద్ధం చెప్పించింది కదా ఇది, అని... నీ మీద కోపం అదే నాకు. పది నిమిషాలు ఆలస్యమైందని కాదు. నా చేత అబద్ధం చెప్పించావనే."

"దారిలోనే ఉన్నాను," అంది రోనా.

"మూడున్నరకా?"

"మూడున్నరకి దారిలోనే ఉన్నానే, కిర్‌స్టీ. అబద్ధం కాదు. నువ్వు నిజమే చెప్పావు."

అవతల చెల్లెలు స్కూల్ పెరట్లో వెక్కివెక్కి ఏడుస్తోంది. ఇవతల రోనా నోరు తెరిచింది, ఇంకా ఏదో చెబుదామని. మాట రాలేదు, ఏడుపొచ్చింది. గట్టిగా, పొట్టలోంచి, మెట్లంతా వినబడేలా వచ్చింది. ఎల్స్‌పెత్ తలుపు తీసి తల బయట పెట్టింది. పేపర్ కోసమే ఇంత ఏడుస్తోందనుకుని, పోనీలే ఇప్పటికైనా ఏడ్చింది అన్నట్టు డుగల్ వైపు చూసింది. డుగల్ వద్దన్నట్టు చెయ్యి ఊపి, జేబులో ఉన్న డంప్లింగ్ గుడ్డ తీసి రోనాకు ఇచ్చాడు. దాన్ని మొహానికి అదుముకుని ఆమె ఫోన్ చెవికి పెట్టుకునే ఉంది.